కథోలిక ఛారిటీతో బస్తీలకి వెళ్ళాలనుకునే కొండాపూర్ బాబుకి నా జవాబు

బాబూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలే ఖాళీ, నీ ఫ్రెండ్ ఒకడు చర్చి వాళ్ళతో కలిసి బస్తీల్లో పేదవాళ్ళ ఇళ్ళకి వెళ్తుంటే నీకూ వెళ్ళాలనిపించింది, మీరు హిందువులు కాబట్టి ఇంట్లో అమ్మానాన్న "మతం మార్చేస్తారు, జాగ్రత్త" అంటున్నారు, ఈలోపు టీమ్ వాళ్ళంతా డబ్బులేసుకుని యాభై రేషన్ కిట్లు పంచుదాం అంటున్నారు, అమెరికాలో ఉన్న అన్నయ్య కూడా ఎంతో కొంత పంపుతానన్నాడు. ఎవరిని కలవాలి, ఏం పని ఇస్తారు, డబ్బు ఎలా ఇవ్వాలి, అంతే కదా.

నేను మెట్టుగూడ వైపు ఉంటాను, బ్యాంకులో చేసి రిటైరయ్యాను, మా విచారణలో, అంటే మా గుడి ఏరియాలో, పేదవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే విన్సెంట్ డి పాల్ సంఘంలో పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాను. తెలిసింది తెలిసినట్టు చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు నీ ఫ్రెండ్ వెళ్ళే చర్చి ఏదో కనుక్కో. బయటివాళ్ళకి అన్నీ చర్చిలే కానీ లోపల ఏర్పాట్లు వేరు. పాస్టర్ గారు ఉంటే అది ప్రొటెస్టెంట్ చర్చి, వాళ్ళ సేవా కార్యక్రమాలు వాళ్ళకుంటాయి, వాటి గురించి నేను చెప్పలేను. ఫాదర్ గారు, సిస్టర్లు ఉంటే కథోలిక గుడి. మాలో ఒక్కో గుడి చుట్టూ ఉన్న ఏరియాని విచారణ అంటాం, విచారణలన్నీ కలిపి హైదరాబాద్ అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ గారి కింద ఉండే ప్రాంతం, 1886లో మేత్రాసనంగా, అంటే బిషప్ గారి కింద ఉండే ప్రాంతంగా మొదలై 1953లో అగ్రపీఠం అయింది, ఇప్పుడు దాని పెద్ద కార్డినల్ పూల ఆంథోనీ గారు, 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్ళలో ఆ స్థానానికి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే చాలామంది నెట్‌లో వెతికి నేరుగా అగ్రపీఠం ఆఫీసుకో, ఢిల్లీలో కారితాస్ ఇండియాకో మెయిల్ పెడతారు, జవాబు రాలేదని అలుగుతారు. కారితాస్ 1962లో బిషప్పులు పెట్టిన సంస్థ, వరదలు తుఫాన్లు, జిల్లాల్లో పెద్ద ప్రాజెక్టులు, అట్లాంటివి చూస్తుంది. శనివారం రెండు గంటలు ఖాళీ ఉన్న కుర్రాడికి అక్కడ చేసే పని ఏముంటుంది చెప్పు. నీకు పని దొరికేది విచారణలోనే, లేదంటే సిస్టర్లో బ్రదర్లో నడిపే హోముల్లో.

విచారణలో ఉండేది మా సంఘం. అందరూ ఎస్‌వీపీ అంటారు. 1833లో పారిస్‌లో పెట్టారు, పెట్టింది ఫాదర్లు కాదు, కాలేజీ కుర్రాళ్ళు. ఫ్రెడరిక్ ఓజనామ్ అని ఇరవై ఏళ్ళ స్టూడెంటు, వాళ్ళ డిబేట్ క్లబ్బులో ఎవరో "మీ మతం ఒకప్పుడు గొప్పదే, ఇప్పుడు పేదవాళ్ళకి మీరు చేస్తున్నది ఏంటి" అని అడిగితే సమాధానం దొరకక మొదలుపెట్టిన పని. ఎలా చెయ్యాలో కూడా తెలీదు వాళ్ళకి, రోజలీ రెండూ అని అక్కడి మురికివాడల్లో పనిచేసే ఒక సిస్టర్ ఫలానా ఇంటికి వెళ్ళండి, ఇలా మాట్లాడండి అని దగ్గరుండి నేర్పింది. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడటం అనే పద్ధతి అప్పటిదే, ఈరోజుకీ మేము చేసేది అదే. ఒక్కో విచారణలో ఉన్న గుంపుని కాన్ఫరెన్స్ అంటారు, నువ్వు ఆఫీసులో వినే కాన్ఫరెన్స్ కాల్ కాదులే, పది పన్నెండు మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే మీటింగ్. ప్రార్థనతో మొదలవుతుంది, పోయిన వారం ఎవరింటికి వెళ్ళాం, వాళ్ళ పరిస్థితి ఏంటి, ఏం కావాలి అని ఒక్కొక్కరు చెప్తారు, చివర్లో ఒక గుడ్డ సంచి తిరుగుతుంది. అందరూ పిడికిలి మూసి అందులో చెయ్యి పెట్టి తీస్తారు, ఎవరు ఎంత వేశారో, అసలు వేశారో లేదో పక్కవాడికి తెలీదు. వేసే స్తోమత లేనివాడు కూడా తలెత్తుకుని కూర్చోవాలి కదా, అందుకే ఆ పద్ధతి. పూర్తి సభ్యత్వం మామూలుగా కథోలికులకే, కానీ పనిలో తోడు రావడానికి ఎవరైనా రావచ్చు, మాతో చాలా ఏళ్ళు తిరిగినవాళ్ళలో ముస్లిం ఆటో డ్రైవర్ ఉన్నారు, బ్రాహ్మణుల ఇంటి రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, ఆవిడ మీటింగ్‌లో ప్రార్థన అయ్యేదాకా బయట కూర్చుని కాఫీ తాగి తర్వాత లోపలికి వస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు అసలు పని. నీ బుర్రలో ఉన్నది పంపిణీ అని నీ ప్రశ్నలోనే తెలుస్తోంది, కిట్లు ఇవ్వడం, దుప్పట్లు ఇవ్వడం, ఫొటో దిగడం. మా పనిలో అది చాలా చిన్న భాగం బాబూ, నన్నడిగితే అన్నింటికన్నా తేలికైన భాగం కూడా. మేము చేసేదల్లా ఒకే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. మొదటిసారి వెళ్తే ఎవ్వరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరం కూడా లేదు వాళ్ళకి. మూడోసారో నాలుగోసారో అసలు సంగతి బయటపడుతుంది.

అడ్డగుట్ట వైపు ఒక ముసలావిడ సంగతి చెప్తాను, పేరు వద్దు. ఒకటే గది, రేకుల పైకప్పు, మంచం కింద స్టీల్ డబ్బాలు, గోడకి పోయిన భర్త ఫొటో. కొడుకు వేరే ఊళ్ళో సెంట్రింగ్ పని. వెళ్ళినప్పుడల్లా టీవీ సౌండు తగ్గించి "మంచిగనే ఉన్న బిడ్డా, నాకేం తక్కువ" అనేది. నాతో వచ్చే ఆవిడ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఒకసారి మాటల్లో మాటగా మేకుకి వేలాడుతున్న మందుల కవర్ కిందకి దించి చూసింది. బీపీ మాత్రల షీటు, వెనక చీటీ మీద కొన్న తేదీ ఉంది, లెక్క చూస్తే అయిపోయి ఉండాల్సిన మాత్రలు ఇంకా సగం ఉన్నాయి. అడిగితే అప్పుడు చెప్పింది, "రోజు తప్పిచ్చి రోజు ఏసుకుంటున్న, నెలంతా రావాలె గదా". బియ్యం డబ్బా మాత్రం నిండా ఉంది, అంతకుముందు ఎవరో కిట్ ఇచ్చిపోయారు, దాని కవర్ కూడా విప్పలేదు.

ఇక్కడ మాత్రలు కొనిచ్చేసి వచ్చెయ్యడం ఒక పద్ధతి. ఒక నెలకి సరిపోతుంది, తర్వాతి నెల మళ్ళీ అదే కథ. మేము ఆవిడని బస్తీ దవాఖానాకి తీసుకెళ్ళాం. 2018 నుంచి సిటీలో బస్తీ బస్తీకీ పెట్టారు కదా, బీపీ, షుగర్ మందులు ఫ్రీగానే ఇస్తారు, రక్త పరీక్షకి శాంపిల్ కూడా తీసుకుంటారు. ఆవిడకి ఆ దవాఖానా ఉన్నట్టు తెలుసు, రోడ్డు దాటితే ఉంది, కానీ "సర్కారు గోలీలు పనిజెయ్యవు" అని పక్కింటావిడ చెప్పిందట. ఆ నమ్మకం పోవడానికి టైం పట్టింది. మా నర్సమ్మ వెళ్ళినప్పుడల్లా బీపీ చూసి అంకె కాగితం మీద రాసి గోడకి అంటించింది, ముందు అంకె, తర్వాత అంకె పక్కపక్కన చూసుకున్నాకే నమ్మింది. ఇందులో మేము పెట్టిన ఖర్చు ఎంత, ఏమీ లేదు. పోయింది టైమే.

నీలాంటివాడు ఎందుకు కావాలో ఇక్కడే ఉంది. మా కాన్ఫరెన్స్‌లో చాలామందివి నా వయసు, ఫోన్లో ఓటీపీ వచ్చే లోపల స్క్రీన్ ఆగిపోతే కంగారుపడే బ్యాచ్. బస్తీలో సగం సమస్యలు ఇప్పుడు ఆ ఫోన్లోనే ఉన్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే లేకుండా, ఈ మూడూ కలవకపోతే పింఛను ఆగిపోతుంది, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, హాస్పిటల్‌లో ఆరోగ్యశ్రీ దగ్గర ఆగిపోతుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలకి ఈపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్ అప్లై చెయ్యాలి, దానికి ఆదాయ సర్టిఫికెట్ మీసేవ నుంచి రావాలి, అకౌంటుకి ఆధార్ లింక్ అయి ఉండాలి, ఇదంతా ఇంటర్నెట్ సెంటర్ వాడు చేస్తాడు కానీ తప్పు ఫోన్ నంబర్ కొట్టి పంపేస్తే ఆ పిల్లకి మెసేజే రాదు, ఫీజు రాలేదని కాలేజీ వాళ్ళు హాల్ టికెట్ ఆపేదాకా ఎవరికీ తెలీదు. నువ్వు ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని గుడి పక్కన హాల్లో రెండు గంటలు కూర్చుని ఈ స్టేటస్‌లు చూసి పెడితే చాలు, కిట్లకన్నా వెయ్యి రెట్లు నయం. ఒక జాగ్రత్త, కులం కాలమ్ ఊహించి నింపకు. దళితుల ఇంట్లోవాళ్ళు క్రైస్తవులైతే ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తారు, ఎస్సీ హోదా ఉండదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి అది. సర్టిఫికెట్‌లో ఏముందో చూసి అదే రాయి, ఇంట్లో ఏసు ఫొటో ఉందనో మెడలో శిలువ ఉందనో నువ్వు తేల్చకు.

హాస్పిటల్ పని కూడా ఉంది, కానీ అది వీక్‌డేస్‌లోనే. గాంధీ, ఉస్మానియా, నిమ్స్, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్, నీలోఫర్. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, 2023 డిసెంబర్‌లో పరిమితి పది లక్షలు చేశారు, కాబట్టి ఆపరేషన్ ఖర్చు గురించి మా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆపరేషన్ చుట్టూ ఉండే ఖర్చు ఎవరూ ఇవ్వరు. జిల్లా నుంచి వచ్చిన మనిషికి తోడు వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, కూలి పోతే ఇంటిదగ్గర పిల్లల సంగతేంటి. ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది, అది నిజంగా పెద్ద మేలు, అయినా కీమో ఎక్కించుకున్న మనిషిని బస్సులో నిలబెట్టి తీసుకెళ్ళలేం, ఆటోకి ఇవ్వాల్సిందే. ఐదు రూపాయల భోజనం కౌంటర్లు చాలా హాస్పిటళ్ళ దగ్గర ఉన్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఎక్కడుందో చూపించడం కూడా పనే. అన్నింటికన్నా ఎక్కువ కావాల్సింది ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పే మనిషి. ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుంది, ఏ కాగితం జిరాక్స్ కావాలి, డాక్టర్ ఇంగ్లీషులో రాసింది ఏంటి. నీకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు పొద్దున ఒక పూట లీవ్ పెట్టగలిగితే నెలకి ఒక్కసారైనా రా, వాలంటీరింగ్ గంటలు ఇస్తున్నారన్నావు కదా ఆఫీసులో, అవి దీనికి వాడు.

కిట్ల సంగతికి వస్తాను, మీ టీమ్ వాళ్ళు ఫీల్ అయినా సరే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి ఇరవై నాలుగు కిలోలు. పైన నువ్వు ఇంకో పది కిలోల సంచి తీసుకెళ్తే ఆ ఒంటిగదిలో ఎక్కడ పెట్టుకోవాలి వాళ్ళు, పురుగు పడుతుంది, లేదంటే కిరాణా కొట్టువాడికి సగం రేటుకి అమ్ముకుంటారు, తర్వాత మీరే "చూశావా, అమ్ముకుంటున్నారు" అంటారు. ఇప్పుడు ఇళ్ళల్లో లోటుగా ఉండేది కందిపప్పు, నూనె, చింతపండు, గ్యాస్ బండ డబ్బులు, కరెంటు బిల్లు, గది అద్దె. ఆడపిల్లలున్న ఇంట్లో ప్యాడ్లు, ముసలివాళ్ళున్న ఇంట్లో పెద్దవాళ్ళ డైపర్లు, ఇవి నోరు తెరిచి ఎవరూ అడగరు. కార్డు లేనివాళ్ళకి బియ్యం ఇప్పటికీ కావాలి, జిల్లాల నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి పనికొచ్చినవాళ్ళు, కొత్తగా వేరుపడిన జంటలు, కానీ వాళ్ళెవరో నీకు తెలీదు, ఆ బస్తీలో తిరిగేవాళ్ళకి తెలుస్తుంది. అందుకే యాభై కిట్లు ఒకేలాంటివి కొనకుండా, ముందు కాన్ఫరెన్స్ వాళ్ళతో కూర్చుని ఏ ఇంటికి ఏం కావాలో రాయించుకుని, ఆ చీటీ ప్రకారం కొనండి. పనెక్కువే, కానీ మీరు టీమ్‌గా ఉన్నారుగా, ఎక్సెల్ షీట్లు మీకు కొత్తా. ఇంకోటి, గుడి గేటు ముందు లైన్ కట్టించి కంపెనీ బ్యానర్ పట్టుకుని ఇవ్వడం మాత్రం వద్దు. మా ఫాదర్లలో కొందరు మొహమాటానికి ఒప్పుకుంటారు, నేనైతే ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతాను. పక్కింటివాళ్ళ ముందు లైన్లో నిలబడాల్సి వస్తుందని నిజంగా అవసరం ఉన్న మనిషి ఆ పక్కకే రాడు, వచ్చేది ప్రతి లైన్లోనూ కనిపించే మొహాలే.

పాత బట్టలు కూడా అడుగుతారు చాలామంది. ఇవ్వండి, ఉతికి ఇస్త్రీ చేసి, గుండీలు చూసి ఇవ్వండి. నైటీలు, స్కూలు పిల్లల స్వెటర్లు, మగవాళ్ళ ప్యాంట్లు ఇట్టే వెళ్ళిపోతాయి, పెళ్ళి షేర్వాణీలు మా గదిలో పోగుపడి ఉన్నాయి, ఏం చెయ్యాలో అర్థం కాక.

ఇక మతం సంగతి, అమ్మానాన్నల భయం. కొట్టిపారెయ్యను, అడగాల్సిన ప్రశ్నే. మా సంఘం రూల్‌లోనే ఉంది, అవసరంలో ఉన్న మనిషి ఏ మతం అని చూడకూడదని. మేము వెళ్ళే ఇళ్ళల్లో క్రైస్తవులు కానివాళ్ళు చాలామంది, ఆ అడ్డగుట్ట ముసలావిడ ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే మనిషి, మేము వెళ్ళినప్పుడు దీపం వెలుగుతుంటే ప్రసాదం పెడుతుంది, మేము తీసుకుంటాం. ఇచ్చే సాయానికి ప్రార్థనతో ముడిపెట్టడం మా దగ్గర తప్పు కిందే లెక్క, ఎవరైనా అలా చేస్తే మీటింగ్‌లో నిలదీస్తాం. అలాగని నీకు అక్కడ దేవుడి ప్రస్తావనే వినపడదని చెప్పను. గుడి ఆవరణలో జరిగే పని, మొదలుపెట్టే ముందు ఎవరో శిలువ గుర్తు వేసుకుంటారు, సిస్టర్ "ప్రెయిజ్ ది లార్డ్" అంటుంది, క్రిస్మస్‌కి కేక్ పెడతారు, సెప్టెంబర్ 8న ఖైరతాబాద్ వేళాంగణ్ణి మాత పండక్కి రమ్మంటారు. నువ్వు నమస్తే అను, చాలు. మోకరించాల్సిన పని లేదు, పాటలు పాడాల్సిన పని లేదు. ఎక్కడైనా నిన్ను గానీ, సాయం తీసుకునేవాళ్ళని గానీ బాప్టిజం గురించి ఒత్తిడి చేస్తే ఆ రోజే వచ్చెయ్, ఫాదర్ గారికి చెప్పి మరీ రా. అమ్మానాన్నలకి నోటితో చెప్పే బదులు ఒక ఆదివారం వాళ్ళనే వెంటబెట్టుకురా. సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ బసిలికా ఉంది చూడు, 1850లో కట్టిన గుడి, అక్కడికి కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చేవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళు ఎంతమందో వాళ్ళే చూస్తారు.

మొహమాటం లేకుండా ఇంకో ముక్క. కొంతమంది వాలంటీర్లుగా వచ్చి రెండు నెలలు తిరిగాక మెల్లిగా అడుగుతారు, "మేడం, ఫలానా కాన్వెంట్‌లో పాప సీటుకి ఫాదర్ గారితో ఒక మాట". అది మా చేతిలో లేదు, ఫాదర్ గారి చేతిలో కూడా చాలాసార్లు ఉండదు, స్కూళ్ళు వేరే కాంగ్రిగేషన్ల, అంటే వేరే మఠ సంస్థల, సిస్టర్లవో బ్రదర్లవో. నీకు ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి సరే, మీ టీమ్‌లో చిన్నపిల్లల తల్లిదండ్రులుంటే వాళ్ళకి ముందే చెప్పెయ్.

హోములకి వెళ్ళాలని ఉంటే ముసలివాళ్ళ దగ్గర మొదలుపెట్టు. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అని సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం సికింద్రాబాద్‌లో ఉంది, 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే ఆవిడ ఒక గుడ్డి ముసలామెని తన మంచం మీద పడుకోబెట్టుకుని మొదలుపెట్టిన సిస్టర్ల సంస్థ అది. ఫోన్ చేసి టైం కనుక్కుని వెళ్ళు, భోజనం వడ్డించే పని ఉంటుంది, గోళ్ళు తీసే పని ఉంటుంది, ఊరికే పక్కన కూర్చుని అదే కథ పదోసారి వినే పని ఉంటుంది. చివరిది అందరివల్లా కాదు. మదర్ తెరీసా సిస్టర్ల దగ్గర అయితే ఎవరూ నీకు పని అప్పజెప్పరు, బకెట్టు కనిపిస్తే తీసుకుని కడగడమే.

పిల్లల హోముల సంగతి వేరు. పుట్టినరోజుకి కేక్ తీసుకెళ్ళి పిల్లలతో సెల్ఫీలు దిగుదామంటే ఇప్పుడు ఏ మంచి హోమూ ఒప్పుకోదు, ఒప్పుకుంటే ఆ హోముని అనుమానించు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అక్కడి పిల్లల ఫొటోలు, పేర్లు బయటపెట్టడం నేరం, వాట్సాప్ స్టేటస్ కూడా బయటపెట్టడమే. ఐడీ అడుగుతారు, ఏదో ఫారం మీద సంతకం పెట్టమంటారు, పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండనివ్వరు, పక్కన ఇంకో పెద్ద మనిషి ఉండాల్సిందే. నిన్ను దొంగలా చూస్తున్నారని అనుకోకు, ఆ రూల్ నిన్ను కూడా కాపాడుతుంది. బయట బస్తీలో ఎక్కడైనా పిల్లని కొడుతున్నారనో పనిలో పెట్టారనో తెలిస్తే నువ్వు హీరోలా వెళ్ళి గొడవపడకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. ట్యూషన్ చెప్పాలని ఉంటే చెప్పు, కానీ కనీసం ఒక స్కూలు సంవత్సరం ఉండగలిగితేనే. మూడు వారాలు వచ్చి మాయమయ్యే అన్నయ్యలు ఆ పిల్లలకి కొత్తేం కాదు, అందుకే మొదట్లో నీ పేరు కూడా అడగరు, ఏమీ అనుకోకు.

ఎప్పుడు రావాలి అంటే, క్రిస్మస్‌కి మాత్రం రాకు. అంటే పండక్కి రా, పనికి రాకు. డిసెంబర్‌లో మాకు మనుషులు ఎక్కువ, దుప్పట్లు ఎక్కువ, కేకులు ఎక్కువ, ఒకే హోముకి ఒకే రోజు మూడు కంపెనీలు బిర్యానీ తెచ్చిన సందర్భాలున్నాయి. విభూతి బుధవారం నుంచి ఈస్టర్ దాకా తపస్సు కాలంలో కూడా మావాళ్ళు దానధర్మాలు బాగానే చేస్తారు. ఎవరూ ఉండనిది జూన్‌లో. పన్నెండో తారీఖుకి బడులు తెరుస్తారు, ఫీజు, యూనిఫాం, షూస్, నోట్‌బుక్కులు అన్నీ ఒక్కసారి మీద పడతాయి, వడ్డీకి తెచ్చేది అప్పుడే, సెప్టెంబర్‌కల్లా ఆ వడ్డీ కట్టలేక మళ్ళీ మా దగ్గరికి వస్తారు. తర్వాత వానలు. 2020 అక్టోబర్‌లో సిటీ మునిగింది గుర్తుందా, ఆ వారం బస్తీల్లో వంట వండి పెట్టేవాళ్ళు బోలెడుమంది వచ్చారు, నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసి, తడిసిన ఆధార్ కార్డులు, బర్త్ సర్టిఫికెట్లు మళ్ళీ తీయించడానికి తిరిగే టైంకి మిగిలింది కొద్దిమందే. జూన్ ముందు వచ్చి చేరు, మే చివర్లో ఫీజుల లిస్టు రాసుకుంటాం, అప్పుడు మీ టీమ్ డబ్బుకి సరైన దారి దొరుకుతుంది.

డబ్బు గురించి చెప్పి ఆపేస్తాను, బ్యాంకు మనిషిని కదా, ఇది మాత్రం గట్టిగానే చెప్తాను. ఏ వాలంటీర్ సొంత ఫోన్‌పేకీ పంపొద్దు, అది నేనైనా సరే. విచారణ అకౌంటుకో, సంఘం అకౌంటుకో పంపి రసీదు తీసుకో. టాక్స్ మినహాయింపు కావాలంటే ఆ సంస్థకి విరాళాల మీద మినహాయింపు ఇచ్చే అనుమతి, అందరూ 80జీ అంటారు, ఉందో లేదో ముందే అడుగు, క్యాష్‌లో రెండు వేలు దాటితే ఆ మినహాయింపు రాదు, పైగా పాత టాక్స్ పద్ధతిలో ఉంటేనే అదంతా. ఫీజైతే నేరుగా స్కూలుకి కట్టి రసీదు తెచ్చి ఇంట్లోవాళ్ళకి ఇస్తాం, అద్దైతే ఓనర్‌కి.

అన్నయ్య డబ్బు దగ్గర కొంచెం మెలిక ఉంది. ఆయనది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, పాస్‌పోర్టు కాపీ ఒకటి అడిగి పెట్టుకుంటారు. అదే అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న అకౌంటులోకే రావాలి. అలా వచ్చిన డబ్బుని ఆ సంస్థ ఇంకో సంస్థకి మార్చి ఇవ్వడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. కాబట్టి "వాళ్ళకి పంపితే మీకు ఇచ్చేస్తారు" అని ఎవరైనా చెప్తే నమ్మకు. మా చిన్న కాన్ఫరెన్స్‌కి నేరుగా అమెరికా పౌరుడి డబ్బు వద్దే వద్దు, పది వేల కోసం లైసెన్సు గొడవలు ఎవడు పడతాడు. అన్నయ్య పాస్‌పోర్టు ఏదో కనుక్కుని, అమెరికాదైతే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఒకటి చూసుకోమను, ఇండియాదైతే రసీదు ఎవరి పేరు మీద కావాలో అడిగి ఉంచు.